బొచ్చుతోళ్ల పనివాని కుమారుడు



భద్రాచలపు గట్టున నిలుచుండి గోదావరిని చూచువారికి నీరు క్రిందికి పోవుట మాత్రమే కనబడును. ఒక కాలమున ఆ నీటివెంట మన అడవి వెదురు, చింతపండు, కరక్కాయ క్రిందికి పోయెడివి. ఉప్పు, బట్ట, ఇనుపసామాను, లోకవార్తలు క్రిందినుండి పడవలపై పాపికొండల సందున ఎదురీదుచు వచ్చెడివి. ఈ పూట నేను చెప్పబోవు మనుష్యుడు మన అడవికి రాలేదు. ఆయన 1869వ సంవత్సరపు చివర, 76 ఏండ్ల వయసున, ఈ నదికి దిగువనున్న రాజమహేంద్రవరమున దిగెను. జర్మను దేశమున పుట్టి, అమెరికాకు వలసపోయి, తెలుగుదేశమునకు అది మూడవ రాక. ఆయన పేరు యోహాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యరు.

అడవి అంచు పల్లెలో బడిపంతులుగా బ్రతుకు గడపిన నాకు ఈ జర్మను వానితో ఏమి పని యని మీరడుగవచ్చును. మన భద్రాచలము 1959 వరకు తూర్పుగోదావరి జిల్లాలోనిది. ఆ తరువాతను మా ప్రాంతపు పిల్లలు చదువునకు రాజమహేంద్రవరమునకే పోవుచుండిరి. ఉపాధ్యాయ శిక్షణకు నేనును అక్కడికే పోయితిని. ఆయన పేరు అక్కడ చెవిని పడెను గాని నేను పట్టించుకొనలేదు. మతబోధకుల చరిత్ర నాకేలయని ఊరకుంటిని. పదునెనిమిదేండ్ల క్రిందట నా పెద్దకుమారుడు అమెరికాకు పోయినాడు. నాటినుండి, ఇల్లు విడిచి సముద్రము దాటినవారి చరిత్రలు ఎక్కడ దొరికినను చదువుట నాకు వ్యసనమైనది. అట్లు చదువగా ఈయన మరల తటస్థపడెను.

జర్మనీ అప్పటికి ఒకే రాజ్యము కాదు. మన పాల్వంచ సంస్థానము వంటి చిన్న చిన్న ప్రభుత్వములు అనేకములుండెను. అందు బ్రౌన్‌ష్వైగ్ ఒకటి. ఆ సంస్థానములోని హెల్మ్‌స్టెట్ పట్టణమున 1793 జూలై 10వ తేదీన హయ్యరు జన్మించెను. తండ్రి బొచ్చుతోళ్ల పనివాడు, ఆ పనిలో కలిగినవాడు. ఆ పట్టణమున పూర్వకాలపు విశ్వవిద్యాలయ మొకటి యుండెను. అక్కడికి కొలది దినముల బండి ప్రయాణమున హాలే యను నగరము కలదు. బెంజమిన్ షుల్జ్ అను జర్మనుడు మద్రాసులో తెలుగు నేర్చి, స్వదేశమునకు మరలి, 1746-47 ప్రాంతమున తెలుగు లిపిలో పుస్తకములు అచ్చువేయించినది ఆ హాలేలోనే. హయ్యరు పుట్టుటకు సుమారు అర్ధశతాబ్దము ముందే ఆ సీమలో మన అక్షరములు సీసపు అచ్చులెక్కినవన్న మాట. ఈ సంగతి నేను చదివిననాడు పుస్తకము మూసి కొంతసేపు ఊరకే కూర్చుంటిని.

బొచ్చుతోళ్ల పని యనగా ఏమో మన ఎండలదేశమువారికి కొంచెము చెప్పవలయును. మన తోలుపనివారు పచ్చితోలును సున్నపునీట నానవేసి, వెండ్రుక యంతయు ఊడదీసి, తంగేడు చెక్క కషాయమున ఊరవేయుదురు. చెప్పులు, కపిలతొండము, పలుపులు ఆ తోలుతోనే అగును. బొచ్చుతోలు పనివానికి వెండ్రుకయే ధనము. లోపలివైపున అంటియున్న మాంసపు పొరను కత్తితో మెల్లగా గీకవలెను, ఉప్పు పటికలతో తోలును కుళ్లకుండ నిలుపవలెను, క్రొవ్వు పట్టించి మెత్తబడువరకు త్రొక్కవలెను, రంపపుపొట్టుతో పొర్లించి బొచ్చునంటిన జిడ్డును తీయవలెను. ఇంత చేసినను ఒక్క వెండ్రుక రాలరాదు. మన ఉపనయనములలో వటువునకు కట్టు కృష్ణాజినపు ముక్క, మునులు కూర్చుండు పులితోలు, ఇవియన్నియు ఈ జాతి పనియే. కాని చలిదేశములలో అది ఆచారము కొరకు కాదు, ప్రాణము నిలుపుకొనుటకు.

టోపీల పని దీనికి తోబుట్టువు. బీవరు అను ఎలుకజాతి నీటిజంతువు ఉత్తర అమెరికా ఏళ్లలో ఉండును. దాని పైబొచ్చు ముతక, లోబొచ్చు మెత్తన. ఆ లోబొచ్చును తోలునుండి వేరుచేసి, మన దూదేకులవారు దూదిని ఏకునట్లే పెద్ద వింటితో ఏకి, వేడినీట తడిపి, ఒత్తి ఒత్తి దళముగా చేయుదురు. మగ్గము అక్కరలేదు, పోగు అక్కరలేదు. వెండ్రుక వెండ్రుకకు తానే చిక్కుపడి గుడ్డయగును. అట్టి టోపీ లేనిదే ఐరోపాలో పెద్దమనిషి వీధిలోనికి వచ్చెడివాడు కాడు. బొచ్చును చిక్కుపరచుటకు పాదరసపు ద్రావకమును పూయుట వాడుక. ఆ ఆవిరులు పీల్చి ఎందరో పనివారు చేతులు వణకి, మతిచెడి పోయిరి. అందము తలపైని, విషము పనివాని రొమ్మున.

1806లో నెపోలియను సేనలు ప్రష్యను సేనలను ఓడించి ఉత్తర జర్మనీని ఆక్రమించెను. మరుసటి యేట బ్రౌన్‌ష్వైగ్ సంస్థానము నెపోలియను తమ్ముడు జెరోము ఏలుబడిలోనికి పోయెను. ఆ జెరోము కాలముననే, 1810లో, హెల్మ్‌స్టెట్ విశ్వవిద్యాలయము మూతపడెను. ఎదిగిన పిల్లవానిని ఎప్పుడు పటాలమునకు లాగుకొనిపోదురో తెలియని దినములవి. హయ్యరు 14 ఏండ్లవాడు. తల్లిదండ్రులు అతనిని 1807లో ఓడ యెక్కించి అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమునకు, మేనమామ యింటికి పంపిరి. మేనమామయు బొచ్చుతోళ్ల వర్తకుడు, టోపీలు చేయువాడు. తండ్రి పని పుట్టింట చూచిన పిల్లవాడు అదే వృత్తిని మేనమామ దుకాణమున నేర్చుకొనెను. నేనిచ్చట ఒక్కమాట చెప్పుకొందును. చరిత్ర వ్రాసినవారు ఈ సంగతిని ఒక వాక్యమున దాటవేయుదురు. పదునాల్గేండ్ల కుమారుని ఓడ యెక్కించి ఇంటికి మరలివచ్చిన నాటి రాత్రి ఆ తల్లిదండ్రులు ఎట్లు గడపిరో ఎవ్వరును వ్రాయలేదు. నా కుమారుడు పోవునాటికి వానికి ఇరువదియారేండ్లు, చేతిలో టెలిఫోను కలదు. అయినను ఆ రాత్రి మా ఇంట దీపమార్పలేదు.

ఫిలడెల్ఫియాలోని జర్మనులకు తమ భాషలో గుడియు బడియు కలవు. ఆ పరిచయమున కుర్రవాని మనసు టోపీలనుండి చదువునకు మరలెను. కొంతకాలము బడి చెప్పెను. 1815లో జర్మనీకి పోయి గొట్టింగెన్ విశ్వవిద్యాలయమున చదివి మరుసటి యేట మరలివచ్చెను. 1817 నుండి పెన్సిల్వేనియా కొండసీమలలో గుఱ్ఱముపై ఊరూర తిరిగి బోధించు ఉద్యోగము. 1819లో మేరీ వెబ్ గాష్ అను వితంతువును పెండ్లాడెను. ఆమెకప్పటికే ఇద్దరు పిల్లలు కలరు. ఆ కాలమున మన దేశపు అగ్రకులములలో వితంతు వివాహమను మాటయే లేదు; కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించినది 1881లో. హయ్యరు ఆమెను, ఆమె పిల్లలను చేపట్టెను. తరువాత వారిద్దరికి ఆరుగురు పిల్లలు కలిగిరి. ఇరువదియేండ్ల సంసారము. మగడు నెలలో సగము దినములు గుఱ్ఱముపైని, ఇల్లు భార్య చేతిలోను. 1839లో ఆమె మరణించెను.

ఆమె పోయిన రెండేండ్లకు, 1841 అక్టోబరు 14వ తేదీన, బోస్టను రేవున బ్రెండా యను ఓడనెక్కి ఆయన హిందూదేశమునకు బయలుదేరెను. వయసు 48. అప్పటికి కొంత వైద్యమును సంస్కృతమును అభ్యసించెను. కొలంబో మీదుగా దక్షిణదేశము చేరి, నేలదారిని ఉత్తరముగా వచ్చి, 1842 జూలై 31వ తేదీన గుంటూరు చేరెను. తొమ్మిదిన్నర మాసముల ప్రయాణము. అమెరికా లూథరు సంఘములవారు పరదేశములకు పంపిన మొదటి బోధకుడు ఈయనయే.

గుంటూరు అప్పటికి కోలుకొనుచున్న సీమ. నందన సంవత్సరపు కరవు, అనగా 1832-33లోని కరవు, జరిగి పదేండ్లు కాలేదు. ఐదు లక్షల జనములో లక్షన్నరకు తక్కువ కాకుండ చనిపోయిరని లెక్కలు చెప్పుచున్నవి. కృష్ణకు ఆనకట్ట లేదు. బెజవాడ ఆనకట్ట పూర్తియైనది 1855లో. గోదావరికి ధవళేశ్వరపు ఆనకట్టయు 1847 వరకు మొదలు కాలేదు. కలెక్టరు హెన్రీ స్టోక్సు దొర ఈయనను ఆదరించెను. హయ్యరు తెలుగు తడబాటుగనే నేర్చెను. ఏబదికి చేరువైనవాని నాలుక మన ళకారమునకు సులభముగా లొంగదు. మొదట దుబాసీని ప్రక్కన నిలుపుకొని మాటలాడెను. అయినను కొలది మాసములలోనే బడులు పెట్టించెను.

మతము మాట అటుంచి, నాకు ఆశ్చర్యము కలిగించునది వేరు. తోలు గీకి, త్రొక్కి బ్రతికిన వారి కుమారుడు ఇచ్చట కలెక్టరు సరసన కుర్చీ వేసుకొని కూర్చుండెను. అదే గుంటూరు సీమలో తోలుపని చేయువాడు ఊరిబావి నీరు ముట్టరాదు. ఈయన వద్దకు, ఈయన తరువాత వచ్చినవారి వద్దకు, ఎక్కువగా వచ్చినది మాలమాదిగలే యగుట చరిత్ర యెరిగినదే. ఆయన పుట్టువృత్తి వారికి తెలిసెనో లేదో నేను చెప్పజాలను. మా ఊరి చివర ఒక తోలుపనివాడుండెడివాడు. కపిలతొండము కుట్టిన యెడల నీరు చుక్క కారెడిది కాదు. మా నాయన ఆ పనిని ఊరంతట మెచ్చుకొనెడివాడు. కాని ఆ మనిషి మా అరుగు మెట్టెక్కుట నేను చూడలేదు. మా అమ్మ దూరమునుండి దోసిట నీరు పోసెడిది. నేను బడిపంతులనైన తరువాత కూడ అతనిని అరుగుపైకి రమ్మని పిలువలేదు. అతడు పోయి ఏండ్లు గడచినవి. ఈ జర్మనుని కథ చదువునపుడెల్ల అతని చేతులు నా కన్నులకు కట్టును.

పనివాడు బోధకుడై తెలుగుదేశమునకు వచ్చుట ఈయనతోనే మొదలు కాదు. 1836లో ఇంగ్లండునుండి బౌడెను, బీరు అను ఇద్దరు గోదావరి డెల్టాకు వచ్చిరి. ఒకడు రాతిపనివాడు, రెండవవాడు చెప్పులు కుట్టువాడు. వారు భార్యలతో వచ్చి, నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో కాపురములు పెట్టి, ఇచ్చటనే పిల్లలను పెంచి, వయసు చెల్లువరకు నిలిచిరి. హయ్యరు కథ అట్టిది కాదు. ఆయన సంసారము సముద్రమునకు ఆవల. పిల్లలనుండి ఒక ఉత్తరము వచ్చుటకు మాసములు పట్టును. ఇంట ఎవరైన పోయినను, ఆ వార్త చేరువరకు వారు బ్రతికియే యున్నట్లు తలపోయవలసినదే.

1846 నాటికి ఆయన అమెరికాకు మరలిపోయెను. అక్కడ ఊరకుండలేదు. తెలుగుదేశమున జ్వరములను, విషూచిని కన్నులార చూచినవాడు గనుక, బాల్టిమోరు నగరమున వైద్యవిద్య పూర్తిచేసి 1847లో వైద్యపట్టము పొందెను. అప్పటికి ఆయనకు 54 ఏండ్లు. 1848లో మరల గుంటూరు వచ్చి, ఈసారి పలనాటికి పోయి గురజాలలో నివసించెను. పలనాడు మీ అందరెరిగిన సీమ. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టి అన్ని కులములను ఒక పంక్తిని కూర్చుండబెట్టెనని పాడుకొనుచున్న నేల అది. ఆ మాట పాటలో నిలిచినది గాని పంక్తిలో నిలువలేదు. ఎండకు రాయి పగులు ఆ సీమలో, చలిదేశపు బొచ్చుతోళ్ల నడుమ పుట్టినవాడు మందులపెట్టె పట్టుకొని పల్లె పల్లె తిరిగెను. 1850 ప్రాంతమున, రాజమహేంద్రవరమున ఉత్తర జర్మనులు నడుపుచుండిన బోధకసంఘము కూడ డబ్బు లేక అమెరికావారి చేతికి వచ్చెను. 1857లో ఆరోగ్యము చెడి హయ్యరు రెండవసారి మరలిపోయెను.

అరువదినాలుగేండ్లవాడు ఇక పిల్లల పంచన చేరి విశ్రమించునని యెవరైన తలంతురు. ఆయన అమెరికా ఉత్తరపు సరిహద్దునగల మిన్నెసోటా సీమకు పోయెను. అది అడవియు మంచునుగల దేశము; బీవరుతోళ్ల వ్యాపారము పుట్టి పెరిగిన దేశమే. జర్మను వలసకాపులు క్రొత్తగా అడవి కొట్టి పొలములు చేసికొనుచుండిరి. 1860లో అచ్చట సంఘముల కూటమి యేర్పడగా దానికి మొదటి అధ్యక్షుడాయెను. అమెరికాలో అందరును ఆయనను తండ్రి హయ్యరు అని పిలిచిరి. ఎనమండుగురు పిల్లలుగల ఇంట ఆ పిలుపు ఎట్లు వినబడెనో అని నాకొక సందేహము. ఊరందరికి తండ్రియైనవాడు ఇంటివారికి ఎన్ని దినములు దక్కును? ఇది ఆయనను తప్పుపట్టుట కాదు. పెద్దబడి పంతుళ్ల పిల్లలెవరినైన అడుగుడు, నా పిల్లలనే అడుగుడు, వారు చెప్పుదురు.

1869లో ఆయన పుట్టిన దేశమునకు పోయియుండగా ఒక వార్త తెలిసెను. అమెరికాలో అంతర్యుద్ధము జరిగి, సంఘములు చీలి, డబ్బు లేక, రాజమహేంద్రవరపు స్థానమును ఆంగ్లేయ సంఘమునకు అప్పగించి వదలుకొనుటకు సిద్ధముగా నున్నారట. ముసలివాడు అమెరికాకు మరలివచ్చి, ఆ యేటి మే మాసమున రెడింగు పట్టణమున జరిగిన సభలో నిలిచి, తానే పోయెదననెను. చేతిసంచితో సభకు వచ్చెనని ఇప్పటికిని చెప్పుకొందురు. సభవారు ఒప్పుకొనిరి. అట్లు 1869 చివర ఆయన గోదావరి గట్టున దిగెను.

ఆనాటి గోదావరిని మనము తలచుకొందము. ధవళేశ్వరమున ఆనకట్ట నిలిచి పదునేడేండ్లైనది. రాజమహేంద్రవరమునకు రైలు ఇంకను రాలేదు. మన భద్రాచలము 1860లో నిజాము ప్రభువు చేతినుండి ఆంగ్లేయులకు పోయి, మధ్యపరగణాలలో చేరియుండెను. మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మార్చినది 1874లో. మన దుమ్ముగూడెమున నదికి అడ్డుకట్టయు, రాతిగుట్టల ప్రక్కగా పడవల కాలువయు ఇంజనీర్లు కట్టించుచుండిరి. మధ్యపరగణాల ప్రత్తి పడవలపై సముద్రము చేరవలెనని వారి ఆశ. వేల కూలీలు జ్వరములతో పనిచేసిన పని అది. 1871లో ప్రభుత్వము ఆ పనిని ఆపివేసెను. ఇప్పటికిని ఆ రాళ్లు మన కన్నులయెదుట కలవు. ఆ రాళ్లెత్తుచుండిన దినములలోనే హయ్యరు దిగువన పాడుపడిన బడులను నిలబెట్టుచు, లెక్కపత్రములు సరిచూచుకొనుచు, తన తరువాత పని చూడవలసిన యువకుల కొరకు ఎదురుచూచుచుండెను. 1870లో వారు వచ్చిరి. ఒకడు వచ్చిన కొలది మాసములకే మరణించెను. డెబ్బదియారేండ్లవాడు బ్రతికియుండగా కుర్రవాడు పోయెను. మిగిలినవారికి పని అప్పగించి, 1871 మొదట ఆయన మూడవసారి, కడపటిసారి, తెలుగుదేశము విడిచెను. మన దుమ్ముగూడెపు పని ఆగిన సంవత్సరమే ఆయనయు పోయెను. ఆయన వదలరాదని పట్టుపట్టిన పని నిలిచెను. ఆ సంఘములే ఏబదియారేండ్ల తరువాత, 1927లో, ఆంధ్ర సువార్త లూథరు సంఘముగా ఏర్పడెను.

మన అడవులకు జర్మను భాష మాటలాడువారు అసలు రాలేదని యనుకొనరాదు. 1941లో వియన్నాలో పుట్టిన ఫ్యూరర్ హైమెండార్ఫ్ అను పండితుడు భార్యతో వచ్చి పాపికొండలలో కొండరెడ్ల నడుమ నివసించి పుస్తకము వ్రాసెను. అప్పుడు యుద్ధము జరుగుచుండెను; జర్మను పౌరుడన్న కారణమున నిజాము రాజ్యము దాటిపోరాదని ఆయనకు నిర్బంధము. ఆ కథ మరియొకనాటికి. నాకిచ్చిన సమయము కడముట్టుచున్నది.

హయ్యరు ఫిలడెల్ఫియాకు మరలి, అక్కడి బోధకుల విద్యాలయమున కుర్రవారికి ఇంటిపెద్దగా నుండెను. పదునాల్గేండ్ల ప్రాయమున టోపీల దుకాణమునకు వచ్చిన నగరమది. 1873 నవంబరు 7వ తేదీన, ఎనుబదేండ్ల వయసున, అచ్చటనే మరణించెను. ఆ నగరమున ఆయనను పూడ్చలేదు. పెన్సిల్వేనియా కొండలలో సోమర్సెట్ మండలమున ఫ్రీడెన్స్ అను పల్లె కలదు. జర్మను భాషలో ఆ పేరు శాంతికి సంబంధించినది. ముప్పదినాలుగేండ్ల క్రిందట పోయిన మేరీ సమాధి అచ్చట నుండెను. ఆయన దేహమును అచ్చటికి తెచ్చి, ఆమె ప్రక్కన పెట్టిరి.